రాజలింగం కన్ను గురించి నేనన్న మాట

రాజలింగం కుడికన్ను కాపాడింది నేనే. మరిపెడలో చాయ్ తాగే ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు, ఎందుకంటే చెప్పింది నేనే. పట్నంలో పెద్ద డాక్టరు కన్ను తీసేస్తానంటే బల్ల గుద్ది, "తీస్తే నాది తియ్యి, వానిది ముట్టకు" అన్నానని చెప్పాను. డాక్టరు బెదిరిపోయి, కరెంటు పెట్టి గడ్డను కరిగించాడని చెప్పాను. ఎనిమిదేళ్లుగా చెబుతూనే ఉన్నాను. అంత గొంతు పెట్టి చెప్పింది, దాని కింద ఇంకొకటి కప్పిపెట్టడానికే. ఆ కిందిది ఇక మోయలేకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నా ముఖం మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

ముందు కోతలు తీసేస్తాను. నేను బల్ల గుద్దలేదు. కన్ను తీయాలని ఎవరూ అనలేదు. కంటి వెనక గడ్డ ఉంది, కరెంటు పెడితే, అంటే రేడియేషన్ ఇస్తే, కరుగుతుంది అన్నారు. నాలుగు వారాలు పెట్టారు. కరిగింది. అతను లోపల మిషను కింద పడుకుంటే, నేను బయట బెంచీ మీద పడుకున్నాను. నేను చేసిన సాయం అదే.

రాజలింగం టైలరు. నర్మెట్ట వైపు నుంచి వచ్చి నా పంక్చరు దుకాణం పక్కన కుట్టుమిషను వేసుకున్నాడు. ఆడవాళ్ల జాకెట్లు కుట్టేవాడు. మా ఊళ్లో వాళ్లకు చుట్టాలెవరూ లేరు. భార్య సమ్మక్క నన్ను అన్నా అని పిలిచేది. "అన్నా, నాకు సదువు రాదు. జర నువ్వే ఆయనెంట పో" అంటే వెళ్లాను.

కొన్ని నెలల తర్వాత మళ్లీ చూపించడానికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ చెప్పింది నాకు గుర్తుంది. మర్చిపోయానని ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను గానీ, ప్రతి ముక్కా గుర్తుంది. రెప్పల అంచున వరసగా చిన్న చిన్న నూనె గ్రంథులుంటాయట. రెప్ప వేసినప్పుడల్లా కాస్త నూనె వచ్చి కంటి తడి మీద పొరలా పరుచుకుంటుందట. గడ్డకు పెట్టిన కరెంటు వాటికీ తగిలింది. చాలామట్టుకు ఎండిపోయాయి. ఇక ఆ పొర లేదు గనక తడి నిలవదు, కన్ను మండుతుంది, మండినప్పుడల్లా నీళ్లు కారతాయి. వేడిగుడ్డతో కాపడం పెట్టాలి, చుక్కల మందు వేయాలి, దుమ్ముకు దూరంగా ఉండాలి. "కన్ను గట్టిగా మూసి తెరుస్తుంటాడు. అది ఆయన చేతిలో లేదు. చుట్టుపక్కల వాళ్లకు మీరు చెప్పండి" అంది. నా వైపు చూసే అంది.

నేను చెప్పలేదు. చెప్పడానికి నా దగ్గర అంతకంటే మంచి కథ ఉంది మరి, బల్ల గుద్దిన కథ.

ఒకరోజు హోటల్లో ఆ కథే చెబుతున్నాను. ఎప్పుడొచ్చాడో, రాజలింగం వెనక నిలబడి విన్నాడు. నవ్వాడు. "ఏ బల్ల బావా? నువ్వు బెంచి మీద పండుకొని గుర్రు పెడ్తుంటె వాచ్‌మన్ వచ్చి కట్టెతోని లేపిండు. గంతే కదనే." హోటలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత చాలా రోజులు నేను చాయ్‌కి వెళితే చాలు, "గుర్రు డాక్టరొచ్చిండు" అనేవారు. మందిని నవ్వించడమే నా బతుకు. నా మీదే నవ్వితే మాత్రం ఓర్చుకోలేకపోయాను. ఎంత చిన్న విషయం! అంత చిన్నదానికా?

ఆ వారంలోనే ఎరువుల దుకాణం శీను గాలి కొట్టించుకోవడానికి వచ్చాడు. అతని భార్య ముందురోజే రాజలింగానికి జాకెట్టు గుడ్డ ఇచ్చి వెళ్లింది. "కాకా, రాజలింగం కన్నెందుకో అదోతీరుగ చేస్తడట కదా, మా ఇంటామె అంటున్నది" అన్నాడు. అడిగింది మామూలుగానే. డాక్టరమ్మ మాట నా నాలుక మీదే ఉంది. పంపు కొట్టడం ఆపకుండా, "ఏమో శీను, పక్కపొంటే కూసుంట, నాకైతే ఎన్నడు కన్ను గొట్టలే. ఆడోళ్లకే కొడ్తడు గావచ్చు" అన్నాను. నవ్వాను. అతను నవ్వలేదు.

అది నవ్వులాటేనని ఇన్నేళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. విసిరిన రాయి ఎవరికి తగులుతుందో చూసుకుని మరీ విసిరితే, దాన్ని ఆట అంటారా?

మర్నాడు పొద్దున్నే శీనూ అతని తమ్ముళ్లూ రాజలింగాన్ని కుట్టుమిషను మీంచి లాగి కొట్టారు. సాయంత్రం పెద్దమనుషులు రాజలింగం దుకాణం ముందే పంచాయతీకి కూర్చున్నారు. సమ్మక్క ఒక్కతే అరుస్తోంది. "కరెంటు పెట్టించినం, గా కరెంటుకు రెప్పలల్ల నూనె ఎండిపోయింది. మంటకు మూస్తడు, కావాలని కాదు!" అంటోంది. "రెప్పలల్ల నూనేందమ్మా, నీ మొగడేమన్న ట్రాక్టరా?" అని ఒకడన్నాడు. మళ్లీ నవ్వులు. భార్య మాట ఎవరు నమ్ముతారు? అప్పుడొక పెద్దమనిషి నా వైపు తిరిగి, "నువ్వు ఎంటబోయినవ్ కదా, డాక్టరేమన్నడు?" అని అడిగాడు. నేను లేచి చెప్పాను.

"కన్ను మంచిగైందన్నరు."

అబద్ధం కాదు. గడ్డ కరిగింది కదా. నిజంలోంచి నాకు కావలసిన ముక్క మాత్రం కోసి ఇచ్చాను.

రాజలింగం నన్నే చూస్తున్నాడు. పొద్దుటి దెబ్బలకు కంట్లో మట్టి పడి నీళ్లు ధారగా కారుతున్నాయి. "సూడుండ్రి, తప్పు జేసిండు కాబట్టే ఏడుస్తుండు" అన్నారెవరో. కారుతున్నది కుడికన్ను ఒక్కటే. ఒంటికంటితో ఏడ్చే మనిషి ఉంటాడా? ఆ మాట ఎవరికీ తోచలేదు. నాకు తోచింది. కూర్చున్నాను. శీను భార్యకు మొక్కమన్నారు. చేతులు జోడించి "తప్పయింది చెల్లె" అంటుండగా ఆ కన్ను మళ్లీ గట్టిగా మూసుకుంది. చెంప మీద ఇంకొకటి పడింది. ఆ దెబ్బకు నాకు, చెప్పడానికి సిగ్గుగా ఉంది, నవ్వొచ్చింది.

తర్వాత ఎవరూ జాకెట్టు గుడ్డ ఇవ్వలేదు. సమ్మక్క సొంత అన్న అక్కడ ఉన్నాడని భూపాలపల్లికి వెళ్లిపోయారు. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన ఇల్లు. దుమ్ముకు దూరంగా ఉండాలన్న కన్ను పగలంతా బొగ్గుదుమ్ములో ఉంది. నేను మరిపెడలో బల్ల గుద్దుతూనే ఉన్నాను. పోయిన నెల తెలిసింది, కంట్లో పుండు పడి చూపు పోయిందని.

ఇక్కడి వరకు రాసి, ఆ కాగితాలు పట్టుకుని భూపాలపల్లి వెళ్లాను. క్షమించమని అడగడానికి కాదు, అది అడిగే ముఖం నాకు లేదు. రాస్తున్నంతసేపు కాస్త ఊపిరాడింది, అతని ముందు చదివితే ఇంకాస్త ఆడుతుందేమో అనుకున్నాను. సమ్మక్క నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది. అన్నా అనలేదు. రాజలింగం మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడికంట తెల్లటి పొర. చదవమన్నాడు. చదివాను. గుర్రు దగ్గర నవ్వలేదు. శీను దగ్గర కదల్లేదు. పెద్దమనిషి నన్ను అడిగిన దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తాడు.

"ఆగు. ఎవలడిగిండ్రు నిన్ను?"

"పెద్దమనిషే కదా..."

"ఎవ్వలు అడగలే. దెబ్బలు పడ్డయ్, ఇగ చాలు, పోనియ్యిండ్రి అని అందరు లేస్తుండ్రు. నువ్వే ముందటికొచ్చి చెప్పినవ్. నాకోసమే వస్తున్నవనుకున్న నేను."