ఇడ్లీ నూనెతో అతికిన విమానం

నేను విమాన ప్రమాదం నుంచి బతికి బయటపడ్డ మనిషిని. విమానం నేల మీంచి అంగుళమైనా లేవలేదు, దానికి ఇంజనైనా బిగించలేదు, ప్రమాదం జరిగింది అమెరికాలో, నేపర్‌విల్‌లోని మా ఇంటి గరాజ్‌లో. అయినా ప్రమాదం ప్రమాదమే కదండీ!

రిటైరైన కొత్తలో ఊరికే కూర్చోలేక, ఇద్దరు పట్టే బుల్లి విమానం సొంతంగా కట్టడం మొదలుపెట్టాను. మూడేళ్ళకు పైకప్పు దాకా వచ్చాను. పైకప్పంటే పైలట్ తల మీద ఉండే ప్లాస్టిక్ బుడగ. దాని అంచు చుట్టూ ఫైబర్‌గ్లాస్ గుడ్డ పీలికలు పరిచి రెజిన్ అనే జిగురు పూస్తే, గట్టిపడి చట్రంలా నిలుస్తుంది. కింద విమానం ఒంటికి మాత్రం అంటుకోకూడదు. అందుకని అక్కడ ముందే ప్యాకింగ్ టేప్ అతికించాలి. నాకన్నా ముందు ఒక విమానం కట్టిన మూర్తిగారు ఫోన్లో మరీ మరీ చెప్పారు.

“ప్రసాద్‌గారూ, టేప్ మాత్రం స్కిప్ చేయకండి. కొంప మునుగుతుంది.”

తీరా చూస్తే ఇంట్లో టేప్ లేదు. ఇండియా వెళ్తున్న వాళ్ళక్క సూట్‌కేసులకు మా ఆవిడ సరళ ముందు రోజే నాలుగు చుట్టలూ చుట్టేసింది.

“పది నిమిషాల డ్రైవ్. స్టోర్‌కెళ్ళి తెచ్చుకోండి,” అంది.

“అక్కర్లేదు. నువ్వు ఇడ్లీ రేకులకి నూనె రాస్తావు కదా, ఇడ్లీ అంటుకుంటుందా?”

“అది ఇడ్లీ అండీ!”

“ఇదీ అంతే. నేను ఇంజనీర్ని.”

ముప్పై ఏళ్ళు నాకు జీతమిచ్చి మా కంపెనీ ఎలా నిలబడిందో నాకిప్పటికీ అంతుపట్టదు.

నువ్వుల నూనె శుభ్రంగా పట్టించాను. కప్పును లోపలి నుంచి పట్టుకోవాలి కాబట్టి నేను లోపల కూర్చున్నాను. సరళ గ్లవ్స్ వేసుకుని, నేను చెప్పినట్టు బయట పీలికలు అతికించింది. జూలై ఎండ, పైగా నేను కలిపింది త్వరగా గట్టిపడే రకం. గంటయ్యాక కప్పు పైకి తోశాను. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా తోశాను. టిక్‌మంది! నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ ప్లాస్టిక్ బీటలు వారితే మూడేళ్ళ కష్టం మట్టిపాలు.

“సరళా, అంటుకుపోయింది.”

“ఏది?”

“అన్నీ.”

ఆమె ఫోన్ చేస్తే మూర్తిగారు పరుగున వచ్చారు. విమానం చుట్టూ ఒకసారి తిరిగి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, సుత్తి అందుకున్నారు.

“చెల్లెమ్మా, వేరే దారి లేదు. బ్రేక్ చేసేద్దాం.”

“వద్దు!” అని లోపలి నుంచి అరిచాను.

“మీరు నోరు మూసుకోండి,” అంది సరళ. అని, మూర్తిగారి చేతిలోంచి సుత్తి లాక్కుంది. “ఇది పగిలిందంటే ఈయన మళ్ళీ మూడేళ్ళు గరాజ్‌లోనే ఉంటారు అన్నయ్యగారూ.”

ఇంట్లోకెళ్ళి హెయిర్ డ్రయ్యర్, అట్లు తిప్పే పల్చటి స్టీలు అట్లకాడ తెచ్చింది. పూర్తిగా ఆరని రెజిన్ వేడికి మెత్తబడుతుందని అప్పుడు మూర్తిగారూ ఒప్పుకున్నారు. ఆయన డ్రయ్యర్ పట్టుకున్నారు, సరళ అట్లకాడ దూర్చి అంగుళం అంగుళం విడదీసింది. గంటన్నర పట్టింది. మధ్యలో పక్కనున్న గాలికంతలోంచి స్ట్రా దూర్చి నాకు మజ్జిగ కూడా పట్టింది. చెమటలు కారుతున్న ఆమె ముఖం కప్పుకవతల జానెడు దూరంలో ఉంది. సిగ్గేసింది నాకు. నా పిచ్చిని మూడేళ్ళు భరించి, ఇప్పుడు ఆ పిచ్చికే చిన్న గీత కూడా పడకుండా కాపాడుతున్న మనిషికి నేను ఒక్కనాడూ థాంక్స్ చెప్పలేదు.

కప్పు చెక్కుచెదరకుండా లేచింది. తిమ్మిరెక్కిన కాళ్ళతో దిగి ఆమె చేతులు పట్టుకున్నాను.

“నీ మేలు ఈ జన్మలో మర్చిపోను. ఇందులో మొదటి ప్యాసింజర్‌వి నువ్వే.”

“నేనా? గరాజ్‌లో ఉన్న విమానంలోంచి మిమ్మల్ని బయటికి లాగడానికే గంటన్నర పట్టింది. గాల్లో ఎవరు లాగుతారండీ?”

కాబట్టి పాఠక మహాశయులారా, రెజిన్ డబ్బా మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట దేన్ని అతికించినా నేను బయటే ఉంటాను. తప్పనిసరై లోపల కూర్చోవాల్సి వస్తే, సరళ ఇంట్లో ఉందని రూఢి చేసుకున్నాకే కూర్చుంటాను.