కడిగి పారేసిన మసి

2006 ఎండాకాలం. ఖమ్మంలోని ఒక ప్రైవేటు లేబొరేటరీలో నేను అనలిస్టుని. పాలు, కారం, తాగునీళ్లు, ఎవరేం తెచ్చినా పరీక్ష చేసి రిపోర్టు ఇవ్వడం మా పని. ఇచ్చాక దాంతో ఎవరేం చేసుకున్నా మనకు సంబంధం లేదనేవారు మా మేనేజరు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మణుగూరు దాటాక పినపాక వైపు అడవిలో ఒక ఊరు. బొగ్గు లారీలు ఊరి మధ్యలోంచే పోయేవి, పైన టార్పాలిన్ కూడా లేకుండా. అక్కడి అంగన్‌వాడీలో వంట చేసే సమ్మక్క రోజూ పిల్లల పప్పులో మునగాకు వేసేది. ఆకు నల్లబడుతోందని, పిల్లలు దగ్గుతున్నారని మండలాఫీసు చుట్టూ తిరిగింది. లారీలకు టార్పాలిన్ కట్టించండి, రోడ్డు మీద నీళ్లు కొట్టించండి అని అడిగింది, అంతే. ఆఫీసువాళ్లు ముందు ఆకులో విటమిన్ సి తగ్గిందో లేదో తేలాలన్నారు. ఆ పరీక్ష చేయించే పని లారీల కాంట్రాక్టరుకే అప్పగించారు!

అతను దాన్ని మా ల్యాబుకు ఇచ్చాడు. నేనే ఆ ఊరు వెళ్లి రోడ్డు పక్క మునగచెట్టు నుంచి కొంత, వాగు అవతలి చెట్టు నుంచి కొంత ఆకు కోశాను. కోసిన ఆకులో విటమిన్ సి త్వరగా తగ్గిపోతుంది కాబట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, అక్కడే ఆక్జాలిక్ యాసిడ్‌లో నూరాను. ల్యాబుకు తెచ్చి టైట్రేషన్ చేశాను. అంటే రంగు ద్రావణాన్ని చుక్కచుక్కగా వేస్తూ గులాబీ రంగు ఎప్పుడు నిలుస్తుందో చూడటం. ఆకు రసం ఎంత ఎక్కువ ద్రావణం తాగితే అంత విటమిన్ ఉన్నట్టు.

రోడ్డు పక్క ఆకులోనే ఎక్కువ వచ్చింది. మళ్లీ చేశాను, అదే ఫలితం. ఇందులో వింతేమీ లేదు. పొగా దుమ్మూ తగిలినప్పుడు కొన్ని మొక్కల్లో విటమిన్ సి పడిపోతుంది. తట్టుకునే జాతి మొక్కలు మాత్రం తమను కాపాడుకోవడానికి దాన్ని ఇంకా ఎక్కువ తయారు చేసుకుంటాయి.

మండలాఫీసు మీటింగులో కాంట్రాక్టరు మనిషి నా రిపోర్టు పైకెత్తి చూపించాడు.

"చూసిండ్రు గదా, మా దుమ్ముతోని ఆకుకు బలమొచ్చింది. ఇగ టార్పాలిన్లు ఎందుకు?"

కొందరు నవ్వారు. సమ్మక్క నా వైపు తిరిగింది. "మేడం, మీరు గట్లనే రాసిండ్రా?"

నాకు కోపం ఆగలేదు. జ్వరంతో ఒళ్లు కాలుతున్న మనిషిని చూసి వెచ్చగా ఉన్నాడు, బాగున్నాడు అంటారా అని లేచి అడిగాను. ఆకు మీది మసిని పరీక్షకు ముందే కడిగేశామనీ, పిల్లల ఒంట్లోకి పోయేది అదేననీ చెప్పాను. రిపోర్టులో ఆ ముక్క ఎక్కడుందో చూపించమన్నాడు. లేదు. మమ్మల్ని అడిగింది విటమిన్ ఒక్కటే.

సమ్మక్క సంచిలోంచి మునగాకు కట్ట తీసి అతని చేతిలో పెట్టింది. "బలమైన ఆకంట గద సారూ, ఇంటికి తీస్కపోయి మీ పిల్లలకు వండిపెట్టుండ్రి."

అతను కట్టను బల్ల మీద పెట్టేసి, జేబురుమాలు తీసి వేళ్లు తుడుచుకున్నాడు. తెల్ల రుమాలు నల్లబడటం అందరూ చూశారు.

మరుసటి వారం అదే రోడ్డు పక్క చెట్టు ఆకు తెచ్చి, కడిగిన నీళ్లను ఫిల్టర్ పేపర్‌లో వడకట్టాను. నల్లగా మిగిలిన ఆ పేపర్‌ను కొత్త రిపోర్టుకు పిన్ను చేశాను. అడగని పరీక్ష చేశావని మేనేజరు సంతకం పెట్టనన్నారు. నా సంతకంతోనే మండలాఫీసుకు పంపాను. జవాబు రాలేదు, టార్పాలిన్లూ రాలేదు.

అప్పటి నుంచి ఏ ఆకు పరీక్షించినా, కడగకముందు అది ఎలా ఉందో అంకె పక్కనే రాస్తున్నాను. వద్దన్నవాళ్లతో పోట్లాడి మరీ రాస్తున్నాను.

వానాకాలంలో సమ్మక్క మా ల్యాబుకు వచ్చినప్పుడు పప్పులో ఏం వేస్తున్నావని అడిగాను.

"ఏం ఏస్త మేడం, ఉత్త పప్పే" అంది.

ఆ ఊళ్లో విటమిన్ సి ఎక్కువున్న చెట్టు మాత్రం అంగన్‌వాడీ ఎదురుగానే ఉంది.