ఆదివారం మూడింటికి హాజరు

ఆ జట్టులో అందరూ ఆమెను అక్క అనే పిలిచేవారు. వయసులో పెద్దదైన లెక్కల టీచరమ్మ కూడా అక్కా అనే అనేది. ఆమె పని కట్టుడు పళ్ళు తయారుచేయడం. ఉదయం నుంచి సాయంత్రం దాకా కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, ఎన్నడూ ముఖం చూడని మనుషుల చిగుళ్ళ అచ్చులకు మైనం పట్టించి, పళ్ళు వరసగా కుదిర్చేది. నోరంతా తెలిసిన మనిషి దారిలో ఎదురైనా పోల్చుకోలేనని నవ్వేది.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మాత్రం ఆమె వేరే మనిషి. అది జట్టు ఆటవేళ; ఐదుగురు కలిసి ఆడే ఆన్‌లైన్ ఆట. ఒకరు డాలు పట్టి ముందు నిలవాలి, ఒకరు గాయాలు మాన్పాలి, ఒకరు దారి చూడాలి. ఒక్కరు తగ్గినా కోట గుమ్మం దాటడం కష్టం. ఆటలో అక్క పనితనం అంతంతమాత్రమే. కానీ కప్పల తక్కెడలాంటి ఆ జట్టును ఆరేళ్ళుగా నిలబెట్టింది ఆమే. శుక్రవారానికల్లా అందరికీ ఫోన్లు చేసేది. బావ అని అందరూ పిలిచే లేత్ పనివాడికి షిఫ్టు మారితే ఆట గంట జరిపేది. టీచరమ్మా, బస్సు డ్రైవరూ మాటామాటా అనుకుంటే ఇద్దరికీ విడివిడిగా సర్దిచెప్పేది. టైలర్ మరిచిపోతాడని మూడుకు పది నిమిషాలుండగా మళ్ళీ గుర్తుచేసేది. ఒక్కొక్కరినీ పిలిచి, "ఉన్నా" అని గొంతు వినబడ్డాకే ఆట మొదలుపెట్టేది.

ఒక శనివారం పని చేస్తూ చేస్తూ బల్ల దగ్గరే కుప్పకూలింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. తమ్ముడి భార్య వచ్చి ఆసుపత్రిలో చేర్చింది. ఆదివారమంతా ఆమెకు స్పృహ లేదు. సోమవారం కళ్ళు తెరిచింది. బుధవారం ఇల్లు చేరగానే బావకు ఫోన్ చేసింది.

"తప్పైపోయింది బావా. చెప్పకుండా ఎగ్గొట్టాను. ఆసుపత్రిలో ఉన్నా."

"అయ్యో! ఎప్పుడు చేరావు?"

"శనివారం."

బావ పకపకా నవ్వాడు. "చాల్లే అక్కా నీ వేళాకోళం. ఆదివారం రెండున్నర గంటలు మమ్మల్ని పరుగులు పెట్టించిందెవరు? నాలుగుసార్లు చచ్చిన వంతెన దాటించలేదూ? గొంతు కాస్త బొంగురుపోయింది, అంతే."

ఆదివారం అక్క ఫోన్ మరదలి సంచిలో ఆపేసి ఉంది. కంప్యూటర్ తాళం వేసిన ఇంట్లో ఉంది.

టీచరమ్మకు ఆటను రికార్డు చేసుకునే అలవాటుంది. అడగ్గానే పంపింది. అక్క మరదల్ని పక్కన కూర్చోబెట్టుకుని విన్నది. గొంతు తనదే. మాట్లాడబోయే ముందు గొంతు సవరించుకోవడమూ తనదే. బావా, టీచరమ్మా, డ్రైవరూ, టైలరూ వరసగా "ఉన్నా" అన్నారు. ఆ గొంతు కాసేపు ఆగింది.

"అక్కా?" అని పిలిచింది.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ గొంతు నవ్వలేదు. నిజంగానే జవాబు కోసం ఎదురుచూసింది. "రాలేదా? సరే, మనం మొదలెడదాం" అంది.

అక్క ఆపేయబోతే మరదలు ఆపనివ్వలేదు. ఇంకాస్త విన్నారు. వంతెన మీద కత్తుల చప్పుడు సాగుతుండగా మరదలు ఉలిక్కిపడింది.

"వదినా, కొంచెం వెనక్కి పెట్టండి. ఎవరో మాట్లాడుతున్నారు."

చెవులు రిక్కించి విన్నారు. ఎక్కడో దూరంగా ఒక ఆడగొంతు: "సిస్టర్! సెలైన్ అయిపోయింది, ఒకసారి చూడండి."

మరదలి ముఖం పాలిపోయింది. "అది నేనే వదినా. మూడున్నరకి నర్సును పిలిచా. కానీ మీరు మాట్లాడలేదు. రోజంతా మీ మంచం పక్కనే ఉన్నా, మీరు పెదవి కదపలేదు. ఒట్టు."

తరువాతి వారం డాక్టరును అడిగితే, జ్వరంలో కలవరింతలు మామూలేనని అన్నాడు. అవి ఎంత దూరం వినిపిస్తాయని అడగబోయి అక్క మానుకుంది.

ఆట పాస్‌వర్డ్ మార్చింది. మూడు ఆదివారాలు ఆట పెట్టలేదు. పిలిచేవాళ్ళు లేక జట్టు చెట్టుకొకరు పుట్టకొకరు అయింది. డ్రైవరు ఆదివారం ట్రిప్పులు ఒప్పుకున్నాడు. టీచరమ్మ ఫోనెత్తడం మానేసింది. నాలుగో వారం అక్కే ఉండబట్టలేక అందరినీ పిలిచి, దాచకుండా జరిగింది చెప్పింది. ఎవరూ నవ్వలేదు. టీచరమ్మ అప్పటికప్పుడే రికార్డు చెరిపేసింది.

"ఒక మాట చెప్పనా అక్కా?" అన్నాడు బావ మెల్లగా. "ఆరేళ్ళలో ఆ ఆదివారం ఆడినంత బాగా ఎప్పుడూ ఆడలేదు. నాకు భయమంతా అందుకే."

అక్క కొత్త నియమం పెట్టింది. "నేను రాని రోజు టైలర్ నడుపుతాడు. ఆ రోజు నా గొంతుతో ఎవరు పిలిచినా పలకొద్దు. ముందు మా ఇంటికి ఫోన్ చేసి కనుక్కోండి."

"ఫోనెత్తి మాట్లాడేది నువ్వేనని మాకెలా తెలుస్తుంది?" అన్నాడు టైలర్.

జ్వరం నాటి నుంచి తనతోనే ఉంటున్న మరదలి వైపు చూసింది అక్క.

"మా మరదలు ఎత్తుతుంది" అంది.

ఆ రోజు వంతెన దగ్గరే ఓడిపోయి ఆట గంటకే ముగిసింది. మరుసటి వారం నుంచి, తాము రాకపోతే తమ గొంతుతో ఇంకెవరు పలుకుతారోనని, ఐదుగురూ ఠంచనుగా వస్తూనే ఉన్నారు.