వెలుతురును కూడా నమ్మని మామ

మొన్న జమ్మలమడుగు నుంచి ఫోన్ వచ్చింది, మా ఫొటో మామ పోయారని. ఫోన్ చేసిన వాళ్ళబ్బాయిని "నిజమేనా?" అని రెండుసార్లు అడిగాను. అడిగాక నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. దేన్నీ ఒక్క మాటకే నమ్మకూడదని నాకు నేర్పింది ఆయనే మరి.

మాకు చుట్టరికమేమీ లేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ప్రొద్దుటూరు బజారులో ఆయనకు స్టూడియో ఉండేది. ఎండాకాలం సెలవుల్లో ఊరిమీద పడి తిరుగుతున్నానని మా నాయన నన్ను తీసుకుపోయి ఆయనకు అప్పజెప్పాడు. మామ నన్ను ఎగాదిగా చూసి, "చేతులు సూపీ" అన్నారు. గోళ్ళలో మట్టి ఉంది. కడుక్కొచ్చేదాకా గడప తొక్కనీయలేదు.

అంత అనుమానం మనిషి. డార్క్‌రూము తలుపు మూసి, కింద గోనెపట్ట తోసి, పైన నల్లగుడ్డ కప్పి, అప్పటికీ తృప్తి లేక చీకట్లో చుట్టూ వెతికేవారు. "వెలుతురు దొంగ లాంటిది రా. సందు దొరికితే దూరుతాది" అనేవారు. ఎర్రదీపం కింద తెల్లకాగితం మీద మొహం మెల్లగా తేలుతుంటే నేను నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. "మురిసిపోవాకు. హైపోలో పడేదాకా అది నీది కాదు" అనేవారు. హైపో అనే ఆ మందునీళ్ళలో ఊరి, కడిగి ఆరేసిన ఫిల్ముకు మాత్రం ఇక వెలుతురు భయం లేదట. ఆయన పూర్తిగా నమ్మింది ఆ హైపో ఒక్కదాన్నే అనుకుంటా.

ఒకరోజు ఎవరో కొత్త మనిషి వచ్చాడు.

"లింగాల పెండ్లిలో గుంపు ఫొటో తీసినారే, దాంట్లో ఎడమపక్క చివర తలగుడ్డ కట్టుకోని నిలబడినాడే, ఆయప్ప మొగం ఒక్కటే పెద్దది చేసియ్యప్పా. మా మామ."

నేను ఆ నెగెటివ్ వెతికి తీసుకుని డార్క్‌రూములోకి వెళ్ళాను. మామ అతనికి మజ్జిగ ఇప్పించారు. తాగుతూ తాగుతూ అతను, "ఆయప్పది యా ఊరో మీకేమన్నా తెలుసునా?" అన్నాడు.

మామ లోపలికొచ్చారు. నన్ను చెవి పట్టుకుని బయటికి లాక్కొచ్చి, అతని ముందే చెంప ఛెళ్ళుమనిపించారు. "తలుపు ఎవరు తెరవమన్యార్రా నిన్ను! వెలుతురు పడి నెగెటివ్ అంతా పాడైపాయ గదరా!"

నేను తలుపు తెరవలేదు. తెరిచినా ఆ నెగెటివ్‌కు ఏమీ కాదు. ఆ మాటే అనబోయి, ఆయన కళ్ళు చూసి మింగేశాను. వెలుతురు పడితే ఫొటో చెడిపోతుందని ఊరంతటికీ తెలుసు. కడిగాక చెడిపోదని మాత్రం మాకే తెలుసు. వచ్చినతను అయ్యో అని కూడా అనలేదు. మా ఇద్దరినీ మార్చిమార్చి చూసి వెళ్ళిపోయాడు.

మామ నా చెంప నిమిరారు. "బాగా తగిల్నాదా? సొంత మామ ఊరు తెలీనోడు ఆ మొగం ఎందుకడుగుతాడురా? ఇంకొకనికి సూపించి, మనిషిని గుర్తు పట్టించేదానికి." నెగెటివ్‌ను కత్తిరించి పొయ్యిలో వేసి, స్టూడియో మూసి, లింగాలకు బస్సెక్కారు.

అతను నిజంగా మేనల్లుడేనేమోనన్న సందేహం నన్ను ఏళ్ళ తరబడి పీకింది. అడిగితే, "అయ్యిండొచ్చు. పోతే ఒక ఫొటో పాయ" అనేవారు, అంతే.

జమ్మలమడుగులో శవం దగ్గర ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఎవరని అడిగాను.

"లింగాల్లో గొర్లు కాసుకునేటోన్ని. అప్పుడు ఈయప్ప వచ్చి చెప్తే మందను తోలుకోని కొండకు పోతి. వేటకొడవండ్లు పట్టుకోని మా ఇంటికి వచ్చినారంట. నేను లేను."

ఆయన్ను నేను అంతకుముందు చూసింది నెగెటివ్‌లోనే. నెగెటివ్‌లో నల్లనివన్నీ తెల్లగా కనిపిస్తాయి. ఆ పడుచువాడి మీసాలు అందులో పాలలా ఉండేవి. మామ కాళ్ళమీద తల ఆనించి ఏడుస్తున్న ఈ మనిషి మీసాలు అచ్చం అలాగే ఉన్నాయి.