టీచరమ్మ పెన్ను క్లిప్పు

నిన్న శుక్రవారం. పొద్దున ఆరు బిందెల నీళ్లు పట్టాను. రెండు శేర్ల కందులు చెరిగాను. నాలుగు దుప్పట్లు ఉతికి ఆరేశాను. కొర్రలు ఏరడానికి కూర్చోబోతుంటే గుంతకల్లు నుంచి కార్డు వచ్చింది. మా టీచరమ్మ పోయారట. కొర్రలు అలాగే ఉన్నాయి.

పంతొమ్మిది వందల యాభైల చివర బుక్కరాయసముద్రం బడిలో ఆమె నాకు ఎనిమిదో తరగతి చెప్పారు. భుజం మీద పైటకు పిన్ను బదులు ఇంకు పెన్ను పెట్టుకునేవారు. ఎవరినీ కొట్టేవారు కాదు. "చెడగొట్టినావు గదా, ఇంక బాగుచేసేది నేర్చుకో" అనేవారు, అంతే.

ఒకరోజు పెన్నులో ఇంకు పోయమన్నారు. సిరాబుడ్డి మూత బిగుసుకుపోయింది. పెన్ను క్లిప్పును సందులో దూర్చి ఎత్తాను. బుడ్డి తెరుచుకుంది గానీ క్లిప్పు వదులై ఊగిపోయింది. ఏడుస్తూ ఆమెకు చెప్పాను.

మర్నాడే నాయన బడికి వచ్చాడు. ఆ ఏడు చినుకు పడలేదు.

"పాపను బడి మానిపిస్తాండా టీచరమ్మా. కరువు పని పెట్టినారు. కంకర మోసేదానికి పోవాల."

"పిల్చుకుపోప్పా. మరి నా పెన్ను?"

"ఏం పెన్ను?"

"నీ కూతురు చెడగొట్టింది. బాగుచేసిచ్చి పొమ్మను."

నాయన నావైపు తిరిగాడు. "నిజమేనా పాపా?"

తలూపాను.

"ఎన్నాళ్లు పడ్తాదమ్మా?"

"రోజూ రవ్వంత వంచాల. ఒకేసారి వంచితే విరుగుతాది. పరీక్షల దాకా పట్టొచ్చు."

"ఒకరి వస్తువు చెడగొట్టి ఊరికే పోయేది మా ఇంట్లో లేదు. చేసిచ్చే రానీ" అన్నాడు నాయన.

అమ్మ మాత్రం, "కాలిరిగినోళ్లే నెలకు లేసి తిరుగుతారు, ఆ పెన్నుకేమొచ్చింది?" అని రోజూ సణిగేది.

పగలు పాఠాలు. బడి వదిలాక పెన్ను. మూత నెత్తిన ఉండే చిన్న మర విప్పి, గుడ్డతో తుడిచి, క్లిప్పును బొటనవేలితో మెల్లగా లోపలికి నొక్కి, మళ్లీ మర బిగించేదాన్ని. సాయంత్రానికి గట్టిగానే ఉండేది. తెల్లారేసరికి మళ్లీ ఊగేది. నా చేతిలోనే పనితనం లేదని సిగ్గుపడేదాన్ని.

ఒక పొద్దున గది ఊడ్చే వంతు నాది. పెందలాడే వెళ్లాను. కిటికీలోంచి టీచరమ్మ కనబడ్డారు. పైట నుంచి పెన్ను తీసి, గోటితో ఆ మర వదులు చేస్తున్నారు. నేను చప్పుడు చేయకుండా గడప దగ్గరికి వెళ్లి, చీపురు నేలకు గట్టిగా తట్టి లోపలికి వచ్చాను. ఆ సాయంత్రం కూడా మర బిగించాను. మర్నాడూ బిగించాను.

ఆఖరి పరీక్ష రాసొచ్చిన రోజు ఆమే మర బిగించారు. పెన్ను పైటకు తగిలించి, భుజం ఒకసారి విదిలించి చూశారు. కదల్లేదు. మళ్లీ తీసి ఒక చీటీ రాసి, నాయనకు ఇమ్మన్నారు.

నాయనకు చదువు రాదు. నాచేత రెండుసార్లు చదివించుకుని, మడిచి తలగుడ్డలో దోపుకున్నాడు. అందులో ఇంతే ఉంది: "మీ పాప పెన్ను బాగుచేసింది. బాకీ తీరింది."