పేర్ల పెదనాన్న ఎక్కిన ఒకే ఒక్క బండి

కారు పేరు చెవిన పడితే చాలు, అది ఏ దేశంలో పుట్టిందో, గుణమెలాంటిదో, ఎక్కదగినదో కాదో మా వీధి పేర్ల పెదనాన్న అక్కడికక్కడే తేల్చేసేవాడు. కారును చూడక్కర్లేదు. చూస్తే తీర్పు చెడుతుందని గుమ్మం ముందు కుర్చీలో కూర్చునే తల పక్కకు తిప్పుకునేవాడు.

ఆయన శాస్త్రమంతా నోట్లోనే ఉండేది. పేరును చప్పరిస్తున్నట్టు పలికి కళ్ళు మూసుకునేవాడు. “చలిదేశాల వాళ్ళు నోరు బార్లా తెరవరు, గాలి పోతుందని భయం. అందుకే వాళ్ళ బండ్ల పేర్లు పెదవుల చివరే అయిపోతాయి” అనేవాడు.

చిక్కల్లా ఒకటే. ఆయన దగ్గర ఏ బండీ నెగ్గేది కాదు. ఒకరోజు దంపతులిద్దరూ పెళ్ళికి బయలుదేరుతుంటే పళ్ళ డాక్టరు కొత్త కారు ఆపాడు. “రండి పెదనాన్నగారూ, దింపేస్తాను.”

“పేరేమిటి నాయనా?”

“లూసానో అండీ.”

“లూ... సా... నో. పాటలు పాడుకునే దేశం. బ్రేకు వేయాల్సిన చోట రాగం తీస్తుంది. నువ్వెళ్ళిరా.”

పెద్దమ్మ కరిచే కొత్త చెప్పులు చేతపట్టుకుని ఎండలో నడిచింది. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆవిడది నడకే. “బ్యాంకాయన బండి కొండలదేశందన్నారు, చదును రోడ్డంటే దానికి చులకనన్నారు. ఇప్పుడిది పాటగత్తె. మరి నా కాళ్ళు ఏ దేశానివో?” అని దులిపేసింది.

“స్వదేశీ. నమ్మకమైన సరుకు” అన్నాడాయన.

అలా ఉండగా బేకరీలో పనిచేసే పిల్ల ఉద్యోగం మానేసి, కిరాయికి తిప్పుకుందామని పాత కారొకటి కొనుక్కొచ్చింది. దాని పేరు బెల్డ్రోవా. ఎవరూ విని ఎరగరు. వీధంతా వచ్చి చూసింది, తట్టింది, ఒక్కరూ ఎక్కలేదు.

“నడిరోడ్డు మీద ఆగిపోతే దిక్కెవరే?” అంది పాలావిడ.

“డబ్బాకి చక్రాలు తగిలించారు” అన్నాడు సైకిలు షాపాయన.

నెలాఖరులోగా బేరాలు రాకపోతే బండిని అమ్మినవాడికే తిరిగిచ్చేయాలి. తుడిచిన అద్దాన్నే తుడిచి తుడిచి, చివరికి ఆ పిల్ల పెదనాన్న ముందుకొచ్చి నిలబడింది. “మీరైనా చెప్పండి పెదనాన్నా, ఇదెలాంటిదో.”

నవ్వడానికి సిద్ధపడి వీధంతా మూగింది. ఈయన ఒక్క మాటంటే ఆ పిల్ల పని అయిపోయినట్టే. “ఇవాళ్టికి నోరు మూసుకోండి” అని పెద్దమ్మ మోచేత్తో పొడిచింది.

పెదనాన్న కళ్ళు మూసుకున్నాడు. “బెల్... డ్రో... వా.” కళ్ళు తెరిచి ఆ పిల్ల ముఖంలోకి చూశాడు. ఆ తర్వాత కుర్చీలోంచి లేచాడు.

“మొదలు గట్టిది, నడుమ బరువైంది, చివర గుండెనిండా ఊపిరి! ఇది మంచులో గుర్రాలు చేసే పని చేయించడానికి కట్టిన బండి. జరగండి, నేనెక్కుతున్నాను!”

మాది చలిదేశం కాదు గనక వీధి వీధంతా బార్లా నోరు తెరిచింది.

మార్కెట్టు చుట్టూ, స్టేషను చుట్టూ తిరిగి, కిటికీలోంచి మహారాజులా చెయ్యి ఊపుతూ వచ్చాడు. ఏ బండినీ మెచ్చని మనిషి మెచ్చాడంటే మాటలా? ఆయన దిగీ దిగకముందే పాలావిడ ఎక్కి కూర్చుంది. “తర్వాతి బేరం నాది!” అని సైకిలు షాపాయన తలుపు పట్టుకున్నాడు. ఆ పిల్ల మోగించిన హారను మోతకి కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

ఈ సంబరంలో పెదనాన్న మాయం. పెద్దమ్మ వెతుక్కుంటూ వెళితే, పెరటిగోడ పట్టుకుని పొద్దున తిన్నదంతా కక్కుతున్నాడు.

“కారు పడదా మీకు?”

“చిన్నప్పటి నుంచీ అంతే. తలుపేస్తే చాలు, కడుపు తిప్పేస్తుంది.”

“మరి ఇన్నేళ్ళూ ఆ దేశాలు, ఆ రాగాలు?”

“ఇంత మనిషిని, వాంతి వస్తుందని ఎలా చెప్పుకోనే?”

“అయితే ఆ బెల్డ్రోవా ఏ దేశంది?”

“నాకేం తెలుసు? ఆ పిల్లది. అది చాలదూ?”

పెద్దమ్మ తిట్టడానికి తెరిచిన నోరు మూసి, నీళ్ళ గ్లాసు అందించింది.

మర్నాడు ఆ పిల్ల గుమ్మం ముందు బండి ఆపి తలుపు తీసింది. “ఎక్కండి పెదనాన్నా. ఎక్కడికైనా సరే, మీకు కిరాయి లేదు.”

పెదనాన్న ముఖం అప్పుడే పాలిపోయింది. పెద్దమ్మ చటుక్కున ముందుకొచ్చింది.

“అంత గొప్ప జాతి బండిని ఆయన రోజూ ఎక్కితే దాని విలువేం కానమ్మా? ఆయన వెనకాల నడిచొస్తారులే. నేనెక్కుతాను, పోనీ!”