పిక్కల బూడిద

కామేశ్వరి చేతులకు ఎప్పుడూ బూడిద ఉంటుంది. ఈ సంగతి ముందే చెప్పేయాలి, ఎందుకంటే గొడవంతా దానివల్లే వచ్చింది. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు పనికి కూర్చునే ముందు చేతులకు పొయ్యిబూడిద దట్టంగా పట్టించుకుంటారు. లేకపోతే పిక్కలోంచి కారే సొన చర్మాన్ని కాల్చేస్తుంది. పట్టించుకున్నా కాలుస్తుంది, కాకపోతే కాస్త నెమ్మదిగా. పందొమ్మిదేళ్లు కొట్టేసరికి ఆమె వేళ్ల మీద గీతలన్నీ చెరిగిపోయాయి. వీధి వీధంతా ఎరిగిన మనిషిని రేషన్ మిషను ఒక్కటే ఎరగదు. బొటనవేలు ఎన్నిసార్లు నొక్కినా నువ్వెవరు అంటుంది.

వేళ్లకు స్పర్శ పోవడం పాత సంగతి. మనసుకు పోయింది మాత్రం పద్నాలుగు నెలల కిందట, భర్త సోములు చనిపోయినప్పుడు.

ఆమె పుట్టింది నౌపడలో, ఉప్పు మడుల్లో పనిచేసే ఇంట్లో. ఊహ తెలియకముందే తల్లి పోయింది. పెళ్లయి పలాస వచ్చేటప్పటికి అత్త సూరమ్మ ప్రభువును నమ్ముకుని పదేళ్లయింది. కోడలికి పిక్కలు కొట్టడం, ప్రార్థన చేయడం రెండూ ఆవిడే నేర్పింది, అదీ ఒకే పీట మీద కూర్చోబెట్టి. "దేవుడితో మాటాడ్డానికి సదువక్కర్నేదమ్మా. మీ అమ్మతో ఎలా మాటాడతావో అలా మాటాడీ," అంది. అమ్మతో ఎలా మాట్లాడతారో కామేశ్వరికి తెలియదు. అందుకని అత్తతో మాట్లాడినట్టే దేవుడితోనూ మాట్లాడేది. ఇంట్లో ఉప్పు నిండుకుందనీ, నడుం లాగేస్తోందనీ, మీ అబ్బాయి మాట వినడం లేదనీ. బాప్తిస్మమప్పుడు దీవెన అని పేరు పెట్టారు. ఆ పేరు సంఘం రిజిస్టరు దాటి బయటికి రాలేదు.

సోములు ఉద్దానం తోటల్లో కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపేవాడు. అతనికి కిడ్నీలు పాడయ్యాయి. ఇక్కడ ఆ జబ్బు ఈసారి ఎవరింటికి వచ్చిందని అడుగుతారు గాని, ఎందుకొచ్చిందని అడగడం ఎప్పుడో మానేశారు. వారానికి రెండుసార్లు డయాలసిస్. ఒంట్లో నీరు చేరకూడదని రోజుకి అర లీటరు నీళ్లే తాగమన్నారు. కామేశ్వరి ఆ నీళ్లు సీసాలో కొలిచి పోసి, మిగతా బిందె పొరుగింట్లో పెట్టి పనికి పోయేది. ఆఖరి రోజు అతను ఇంకో గుక్క అడిగాడు. "రేపు మిషనెక్కి వచ్చినాక తాగుదువు గాని," అనేసి ఆమె వెళ్లిపోయింది. మర్నాడు తెల్లారేసరికి మనిషి లేడు.

సమాధి దగ్గర సూరమ్మ నలుగురిలోనూ అనేసింది. "నా కొడుకుని దాహంతో సంపీసినావే. పోయే ముందు పగటేల నానొక బొండాం కొట్టి ఇవ్వబట్టి సరిపోయింది గాని, నేకపోతే నోరెండిపోయి ఎలిపోయీవోడు."

ఆ మాట విన్న క్షణాన కామేశ్వరికి జరిగిందేమిటో అర్థమైంది. బొండాం జోలికి మాత్రం పోవద్దని, నీళ్లకన్నా అదే ప్రమాదమని, గుండె ఉన్నపళాన ఆగిపోవచ్చని ఆస్పత్రిలో నర్సు ముందే చెప్పింది. నర్సు చెప్పిన సాయంత్రం కామేశ్వరి ఇంటికొచ్చి అత్తకు నీళ్ల సంగతి చెప్పింది, ఉప్పు సంగతి చెప్పింది. అలసిపోయి, అన్నం పొయ్యి మీద పెట్టి, బొండాం సంగతి మర్చిపోయింది. గుమ్మంలో కాయల గుట్ట ఉండే ఇంట్లో బొండాం తప్పని ఎవరనుకుంటారు? చలవ చేస్తుందని తల్లి ఇచ్చింది. చెప్పవలసిన మాట చెప్పనిది కోడలు.

అక్కడికక్కడే నిజం చెప్పేస్తే ముసలావిడ ఆ గోతి పక్కనే కూలబడేది. కామేశ్వరి చెప్పలేదు. అత్త మీద ప్రేమతో చెప్పలేదనుకుంటే పొరపాటే. ఎప్పుడో ఒకనాడు విసరడానికి పనికొస్తుందని దాచుకుంది. అందులో తన వంతు ఎంతో తలుచుకోకుండా దాచుకుంది.

అప్పటినుంచీ ఇద్దరివీ వేరే గుమ్మాలు, మధ్య ఒక్క గోడ. మందిరంలో చాపకు ఈ చివరొకరు, ఆ చివరొకరు. ప్రభువు బల్ల రోజున రొట్టె పళ్లెం తన ముందుకొస్తే ముట్టుకోకుండా పక్కావిడకు అందించేసేది కామేశ్వరి. అత్తతో మాటలు ఆగిపోయాయి కదా, దేవుడితోనూ ఆగిపోయాయి. ఆ రెండూ వేర్వేరుగా ఎలా చేయాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. పొద్దున్నే బూడిద పట్టించుకునేది, పిక్కలు కొట్టేది, వచ్చి పడుకునేది.

ఈ ఏడాది పాస్టరు మహేష్ మూడు రోజుల ఉజ్జీవ సభలు పెట్టించాడు. చల్లారిన విశ్వాసంలోకి మళ్లీ ప్రాణం రావడమే ఉజ్జీవం అని వారం ముందునుంచీ మైకులో చెబుతున్నాడు. పనివాళ్లకు వీలుగా సాయంత్రం నాలుగింటికి కూటం. వాక్యం చెప్పడానికి రాజమండ్రి వైపునుంచి ఒక పెద్ద ప్రసంగీకుడు వచ్చాడు.

రెండో రోజు కుళాయి రాలేదు. కామేశ్వరి చేతులు కడుక్కోకుండానే వచ్చి కూర్చుంది. ప్రసంగీకుడు, పాపాలకు పశ్చాత్తాపపడి బూడిదలో కూర్చున్న నీనెవె పట్టణం కథ చెబుతూ చెబుతూ ఆమె చేతులు చూసి ఆగిపోయాడు. "ఈ సహోదరిని చూడండి. నీనెవె ప్రజల్లాగా బూడిద పూసుకుని దేవుని సన్నిధికి వచ్చింది. పలాసలో ఉజ్జీవం మొదలైంది," అన్నాడు. పాపం, ఆయన నిజంగానే నమ్మాడు.

కూర్చున్న ఆడవాళ్లలో సగం మంది పిక్కలు కొట్టేవాళ్లే. అది ఏ బూడిదో వాళ్లకి తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు సరికదా, ఏడవడం మొదలుపెట్టారు. దొంగ ఏడుపులా అంటే అదీ కాదు. ఏడవడానికి ఎవరి కారణాలు వాళ్లకున్నాయి. మధ్యలో కామేశ్వరి ఒక్కతే పొడికళ్లతో కూర్చుంది. రేపు ఈ సహోదరి సాక్ష్యం చెబుతుందని ప్రకటించేశారు.

మూడో రోజు పదకొండుమంది చేతులకు బూడిదతో వచ్చారు. వాళ్లలో ఒకావిడ కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది.

కామేశ్వరి మైకు అందుకుంది. ముందువరసలో మహేష్ ముఖం వెలిగిపోతోంది. అతను పదేళ్లుగా ఈ రోజు కోసం ఉపవాసాలు ఉంటున్నాడు.

"వందనాలు అయ్యగారూ. ఇది పిక్కల బూడిదండి. నిన్న కుళాయి రాక కడుక్కోనేదు. మారుమనసు కాదు. నాకు ఏడుపు రావట్నేదు. పద్నాలుగు నెలలై పార్దన కూడా సేయట్నేదు. అబద్దం మీద మీరు స్తోత్రాలు సెప్పుకుంతంటే ఊరుకోనేకపోయినాను."

మహేష్ తలదించుకున్నాడు. అతన్ని చూసి ఆమెకు జాలేసింది. జాలి వేయడమే వింతగా తోచింది. ప్రసంగీకుడు గబగబా పాట ఎత్తుకున్నాడు. ఆమె మైకు ఇచ్చేసి చెప్పులేసుకుని బయటికి నడిచింది. ఒక అబద్ధం దిగేసరికి లోపల దాచుకున్న రెండోది ఎంత బరువో తెలిసింది. కాళ్లు తన గుమ్మం దాటి పక్క గుమ్మం ముందు ఆగాయి.

మోకాళ్లు వాచి సూరమ్మ ఆ రోజు కూటానికి వెళ్లలేదు. గోడకు చేరబడి కూర్చుని ఉంది. పక్కన మేకుకు సోములు కత్తి వేలాడుతోంది.

"మైకులో ఇన్నాను," అంది.

"నీతో ఒక మాట సెప్పాలత్తా."

"ఏటది?"

బొండాం మాట నాలిక చివరికొచ్చింది. చెబితే తను దాహంతో చంపలేదని తేలిపోతుంది. పద్నాలుగు నెలల నింద దులిపేసుకోవచ్చు.

ఈలోగా సూరమ్మే అందుకుంది. "ఆ బొండాం తాగి నవ్వినాడే ఆడు. అమ్మా, సల్లగున్నాదే అన్నాడు. ఆ ఒక్క మాట అట్టుకునే బతుకుతన్నాను." అంటూ కోడలి ముఖంలోకి చూసింది. "ఏటో సెప్తానన్నావు?"

కామేశ్వరి అత్త ముసలి చేతులను చూసింది. వాటి మీదా గీతలు లేవు.

"తప్పు నాదత్తా. నన్ను సెమించు."

ముసలావిడ మనసు కోసం అన్న మాట కాదు అది. నర్సు చెప్పింది తనకే. ఇంటికొచ్చి చెప్పనిది తనే. సూరమ్మ అది నీళ్లు ఇవ్వని తప్పనుకుంది. కామేశ్వరి అలాగే అనుకోనిచ్చింది.

సూరమ్మ గోడ పట్టుకుని లేచింది. మేకుకున్న కత్తి తీసి, మూలనున్న బొండాం చెక్కి కోడలికి అందించింది. "తాగు. ఎండన పడొచ్చినావు."

కామేశ్వరి రెండు చేతులతో పట్టుకుంది. అది చల్లగా ఉందో లేదో వేళ్లకు తెలియలేదు. సోములు ఆఖరున తాగింది ఇదే. వద్దంటే ఎందుకని అడుగుతుంది. ఎత్తి, ఆపకుండా, చుక్క మిగలకుండా తాగింది.

"సల్లగున్నాదేటి?"

"సల్లగున్నాదత్తా."

ఇంటికొచ్చేసరికి కుళాయి వస్తోంది. కామేశ్వరి దాని కింద చేతులు పెట్టింది. బూడిద కారిపోతుంటే, పక్కనే ఉన్న మనిషితో అన్నట్టు మెల్లగా అంది.

"తండ్రీ, ఈ సంగతి నీకూ నాకే తెలుసు. అత్తకి సెప్పకు."